ఆరో వేలికి కట్టిన నల్లదారం

బుచ్చి చేతుల్లో పడి కళ్ళు తెరిచినవాళ్ళు దేవరుప్పుల చుట్టుపక్కల మూడు వందల మందికి తక్కువ ఉండరు. వాళ్ళలో సర్పంచులైనవాళ్ళున్నారు, కానిస్టేబుళ్ళైనవాళ్ళున్నారు, ఏమీ కాకుండా చాయ్ హోటల్ ముందు కూర్చుని రోజుకో ప్రభుత్వాన్ని పడగొట్టేవాళ్ళున్నారు. ఒక్కరికైనా తాము మొదట చూసిన మొహం బుచ్చిదని గుర్తుండదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. బుచ్చికి మాత్రం అందరి చేతులూ గుర్తే. మొహాలు పెరిగే కొద్దీ మారిపోతాయి గాని చేతులు మారవని ఆమె నమ్మకం.

ఆమె పుట్టింది గంగారం అడవి పక్క తండాలో. పదిహేనేళ్ళకే రాంజీని కట్టుకుని దేవరుప్పుల దగ్గరి తండాకు వచ్చింది. ఇంట్లో లంబాడీ, ఊళ్ళో తెలుగు. అత్త మంత్రసాని కాబట్టి కోడలికీ ఆ పని అబ్బింది. బిడ్డ బయటపడగానే ముందు ఏడుపు, తర్వాత వేళ్ళు చూడాలని అత్త నేర్పింది. ఇరవై ఉన్నాయని పైకి చెప్పాకే బొడ్డు కొయ్యాలి. పని అంతా నేర్పాక ఒకనాడు అత్త ఉన్నట్టుండి ఒక మాట చెప్పింది. “పెద్దదొర ఇంటికి పోయిననాడు నల్లదారం కొంగున కట్టుకొని పో” అంది. ఎందుకని అడిగితే పొయ్యి ఊదుతున్నట్టు తల తిప్పుకుంది. ఆ మాటకు అర్థం చెప్పకుండానే అత్త పోయింది.

పెద్దదొర ఇల్లంటే ఊరి నడుమ మేడ. ఊళ్ళో మంత్రసాని ఉన్నా ఆ ఇంటి పురుళ్ళకు తండా మనిషినే పిలిచేవాళ్ళు. ఊరి మంత్రసాని చూసింది సాయంత్రానికి వాడకట్టంతా తిరుగుతుంది. తండా ఆడది నోరు జారినా తన భాషలో తండాలోనే జారుతుంది. ఆ ఇంటి ఆడవాళ్ళ తెలివి అది. బుచ్చికి అది గౌరవంగా కనిపించి చాలాకాలం మురిసిపోయింది కూడా.

ముప్పై రెండేళ్ళ కింద, పత్తి ఏరే రోజుల్లో ఆ ఇంటి కోడలు కౌసల్యకు నెల ముందే నొప్పులు వచ్చాయి. పుట్టింటికి తీసుకుపోవడానికి ఇంకా మంచిరోజు చూస్తూనే ఉన్నారు. అత్తగారు జనగామలో పెళ్ళికి పోయింది, కౌసల్య మొగుడు దొర పొలం దగ్గర ఉన్నాడు. మూడు నెలల కొడుకు లచ్చిరాంను చంకనేసుకుని బుచ్చి పరుగెత్తింది. అత్త చెప్పింది కదా అని లంగా అంచు కుట్టుకునే నల్లదారం కొంగున కట్టుకుంది.

మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. రెండు చిటికెన వేళ్ళ పక్కనా శనగగింజంత బుడిపె వేలాడుతోంది. గోరు కూడా ఉంది.

కౌసల్యకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పిల్లాడి చేతులు చూసి, పచ్చి బాలింత, మంచం దిగి బుచ్చి కాళ్ళు పట్టుకుంది. “మా అత్త జూసిందంటే నన్ను పుట్టింటికి తోలేస్తది బుచ్చీ. నా కడుపుల ఏదో ఖరాబున్నదంటరు. నీకు దండం పెడ్త, జర గీ గండం గడిపియ్యి” అని ఏడ్చింది. బుచ్చి ఆమెను లేపి మంచం ఎక్కించింది. దారం రెండు పేటలు చేసి, ఆ బుడిపెల మొదట్లో బిగించి కట్టింది. లోపల ఎముక లేదు, ఉత్త తోలే. ఆరో రోజుకు ఎండి రాలిపోయాయి. అత్తగారు అడిగితే పుట్టుమచ్చలకు దిష్టిదారం కట్టామన్నారు. ఆమె మారుమాట్లాడలేదు. అంత సులభంగా నమ్మిందేమిటా అని బుచ్చి ఆశ్చర్యపోయింది.

దారం కట్టిన నాడే కౌసల్య ఇంకో ముడి కూడా వేసింది. లచ్చిరాం తల మీద బుచ్చి చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

“ఆరోవేలు మాట ఇగ నీ నోట రావద్దు. ఎవ్వల ముందట రావద్దు, నా ముందట సుత రావద్దు. వస్తే నీ కొడుకు నీకు దక్కడు.”

పాలకు ఏడుస్తున్న కొడుకు మెత్తని మాడు మీద చేయి పెట్టి బుచ్చి సరేనంది. జాలిపడి చేసిన పనికి కొడుకు ప్రాణం పూచీ పెట్టాల్సి వస్తుందని ఆమెకేం తెలుసు!

ఆ పిల్లాడికి ప్రణయ్ అని పేరు పెట్టారు. రెండు చేతులకూ చిటికెన వేలి పక్కన బియ్యపు గింజంత గట్టి మచ్చ మిగిలింది. పులిపిరి అని చెప్పి పెంచారు, వాడూ అదే అనుకున్నాడు. కౌసల్య మళ్ళీ కనలేదు. ఆరోగ్యం బాగుండదని చెప్పి జనగామ వెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఎందుకో బుచ్చికి తెలుసు. తెలిసినా పైకి అనడానికి లేదు, కౌసల్యతోనే అనడానికి లేదు.

దొరకు పక్షవాతం వచ్చినప్పుడు కుడిచేతికి ఆముదం రాసి తోమడానికి బుచ్చినే పెట్టుకున్నారు. ఒక పొద్దుటిపూట, చిటికెన వేలి పక్కన చర్మం కింద ఏదో ఆమె బొటనవేలికి తగిలింది. కంటికి కనబడదు. నూనె చేతితో నొక్కితేనే, గుడ్డలో కుట్టిన ముడిలా తెలుస్తుంది. రెండో చేతికి చూసింది. అక్కడా ఉంది. బుచ్చి చేయి అలాగే ఆగిపోయింది. నల్లదారం కొంగున కట్టుకొని పొమ్మని అత్త ఎందుకన్నదో అప్పుడు అర్థమైంది. దొరకు కట్టింది అత్తే. దొర తల్లికీ అత్తకూ నడుమ ఇలాంటి ఒట్టే ఒకటి ఉండి ఉంటుంది. ఇంటి మగవాళ్ళ రక్తంలో నడుస్తున్నదాన్ని, ఇంటికొచ్చిన ఆడది ప్రతి ఒక్కతీ తన కడుపు పాపమనుకుని పక్కదానికి తెలియకుండా దాచింది.

కౌసల్య ఆ చేతిని పాతికేళ్ళలో ఒక్కనాడైనా పట్టుకుని చూసి ఉండదు. ఆ ఇంట్లో మొగుడి చేయి పగటి వెలుగులో పట్టుకునే కాలం కాదు. బుచ్చి ఆ రోజు వంటింటి గుమ్మం దాకా పోయి, “దొరసాని” అని పిలిచి, నీళ్ళు నమిలి వెనక్కి వచ్చింది. లచ్చిరాం అప్పుడే భూపాలపల్లిలో టిప్పర్ నేర్చుకుంటున్నాడు. ఆ నెలలోనే దొర పోయాడు. ఇది జరిగి తొమ్మిదేళ్ళు.

తర్వాత అంబులెన్సులు వచ్చాయి, కాన్పులన్నీ దవాఖానకు పోయాయి. బుచ్చి చేతులకు పని పోయింది. దొరసాని ఇంట్లో మిరపకాయ తొడిమలు తీయడం, కీళ్ళనొప్పులకు కాళ్ళు తోమడం మిగిలాయి. ప్రణయ్ భూపాలపల్లిలో బొగ్గు గుట్టల దగ్గర టిప్పర్లు తిప్పే కాంట్రాక్టు పట్టాడు. ఆ టిప్పర్లలో ఒకదానికి డ్రైవరు లచ్చిరాం. కొడుకు ప్రాణమొకటే కాదు, అన్నం కూడా ఆ ఇంటి చేతిలోకే పోయింది.

ఒకసారి బుచ్చి ధైర్యం చేయబోయింది. దవాఖానవాళ్ళు ఆశా కార్యకర్తలనూ పాత మంత్రసానులనూ కూర్చోబెట్టి పుట్టుకతో వచ్చే లోపాల గురించి అడుగుతుంటే, “నాకొక ఇంటి సంగతి ఎరుకనే” అని నోరు తెరిచింది. ఆ సాయంత్రమే లచ్చిరాం టిప్పర్ బోల్తా పడి భుజం ఎముక విరిగిందని ఫోనొచ్చింది. బుచ్చి నోరు మూసుకుని, మళ్ళీ తెరవలేదు.

ప్రణయ్‌కు పెళ్ళి చేసేటప్పుడు కౌసల్య ఊరందరినీ ఆశ్చర్యపరిచింది. సొంత అన్న కూతురు ఉంది, మేనరికం, చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. వద్దు పొమ్మంది. అన్న ఇంటి మీదికొచ్చి తిట్టి, మాటలు మానుకుని పోయాడు. కౌసల్య మహబూబాబాద్ జిల్లా గూడూరు దాకా వెళ్ళి, ఏ చుట్టరికమూ లేని రాజేందర్ అనే రైతు కూతురు సింధూజను చేసుకుంది. రక్తం దూరమైతే వేళ్ళు పోతాయని ఆమె లెక్క. తన పుట్టింటి రక్తమే కారణమని నమ్మిన మనిషి, ఆ రక్తం రెండోసారి కలవకుండా అడ్డుగోడ కట్టాననుకుంది.

సింధూజ నెమ్మదస్తురాలు. టైలరింగ్ వచ్చు. వచ్చిన నెలకే బుచ్చికి రెండు జాకెట్లు కుట్టిచ్చి “అవ్వా, చంకల కింద పడ్తున్నదా?” అని వెనక్కి ముందుకీ తిప్పి చూసింది. ఆ ఇంట్లో బుచ్చిని ఎవరైనా అలా తిప్పి చూడటం అదే మొదలు.

తొలి కాన్పుకు కోడలిని పుట్టింటికి పంపలేదు కౌసల్య. అత్తకెంత ప్రేమో అన్నారందరూ. బుచ్చిని చేతికందేంత దూరంలో ఉంచుకోవడానికేనని బుచ్చికి తెలుసు. జనగామ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజు ఇంటికి తెచ్చారు. కౌసల్య గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నల్లదారం ఉండ బుచ్చి చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ ఒట్టు ఆమెనూ కట్టేసింది మరి.

బుచ్చి గుడ్డ విప్పి చూసింది. రెండు చేతులకూ ఆరేసి వేళ్ళు. బుడిపెలు కావు, నిండు వేళ్ళు, వంగుతున్నాయి. కాళ్ళకు కూడా ఒక్కో వేలు ఎక్కువ, పక్క వేలితో అతుక్కుని ఉంది. పట్టి చూస్తే లోపల ఎముక తగిలింది.

“కట్టరాదు దొరసాని. బొక్క ఉన్నది. కడితే చెయ్యి కుళ్ళుతది.”

“మెల్లగ కట్టు.”

“మెల్లగ కట్టినా కుళ్ళుతది. పసిగుడ్డు సచ్చిపోతది.”

బుచ్చి దారం ఉండ మంచం మీద పెట్టేసింది. కౌసల్య దాన్ని కాసేపు చూసి, తలుపు తీసుకుని వరండాలోకి పోయి, అందరికీ వినబడేలా మాట్లాడటం మొదలుపెట్టింది. “మా ఇంట్ల ఏడు తరాలల్ల గిసొంటిది లేదు. అడివి దిక్కు పిల్లను తెచ్చుకున్నందుకు గిదీ బహుమతి” అంది. లోపల పాలిస్తున్న సింధూజ విని, పాప చేతులను కొంగులో దాచుకుంది. బుచ్చికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

ఇంటికి పంపేనాడే జనగామ దవాఖానలో అరుణ అనే సిస్టరమ్మ “పరేషాన్ గావద్దు, ఏడాదికి ఆపరేషన్‌తోని తీస్తరు” అని ధైర్యం చెప్పి, హన్మకొండకు నెలకోసారి వచ్చే జన్యు డాక్టరుకు చీటీ రాసిచ్చింది. హన్మకొండ పోయిననాడు పాపను ఎత్తుకోవడానికి బుచ్చి కూడా పోయింది. ప్రణయ్ పని ఉందని రాలేదు. నిజానికి కౌసల్యే రావద్దన్నది.

డాక్టర్ మనోరమ పాప చేతులు, సింధూజ చేతులు, పాదాలు తిప్పి తిప్పి చూసింది. “మేనరికమా?” అంది.

“కాదు మేడం. కావాలనే బయటి సంబంధం చేసుకున్నం” అంది కౌసల్య కాస్త గర్వంగానే.

“మేనరికంతో వచ్చే జబ్బులు వేరమ్మా. ఇట్లాంటి దానికి తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గరుంటే చాలు. ఎవరిని చేసుకున్నా, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది.” కౌసల్య మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు అది గమనించకుండా సింధూజ వైపు తిరిగింది. “నువ్వు తిన్నదాంతో రాలేదు, గ్రహణంలో తిరిగినందుకు రాలేదు. ఏం పని చేస్తావు?”

“మిషన్ కుడ్త మేడం.”

“అయితే నీకు తొందరగా అర్థమవుతుంది. కడుపులో బిడ్డకు చేతులు మొలిచేటప్పుడు ఒక ప్రొటీన్ పనిచేస్తుంది. అది పూర్తి పొడుగున ఉంటే ‘మొలవనీ’ అంటుంది. దాన్నే ఒకచోట కత్తిరిస్తే, మిగిలిన ముక్క ‘ఇక చాలు’ అంటుంది. ఐదు వేళ్ళ దగ్గర ఆపేది ఆ ముక్కే. కత్తెర వేసే ముందు నువ్వేం చేస్తావు?”

“సుద్దతోని గీత గీస్త.”

“కణం కూడా అంతే. ఆ ప్రొటీన్ మీద ఫాస్ఫేట్ అనే చిన్న గుర్తు అంటిస్తుంది. గుర్తు పడితేనే కత్తిరింపు జరుగుతుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో తేడా ఉంటే, గుర్తు పడాల్సిన చోట పడదు. కత్తిరింపు సరిగా జరగదు, ‘చాలు’ అనే ముక్క చాలినంత ఉండదు. వేలు ఎక్కువ మొలుస్తుంది. పాపకు ఇదే అయి ఉంటుందని నా అనుమానం, రక్తం చూస్తే తేలుతుంది. ఒకే ఇంట్లో ఒకరికి చిన్న బుడిపె ఉంటుంది, ఇంకొకరికి ఎముకతో నిండు వేలు ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా బుడిపె లాంటిదైనా ఉండిందా?”

“లేదు” అంది కౌసల్య.

బుచ్చి పాపను ఎత్తుకుని గోడకానుకుని నిలబడి ఉంది. పాప ఆరు వేళ్ళతో ఆమె మెడలోని పూసలు పట్టుకుని లాగుతోంది. బుచ్చి ఒక్కో పూసా ఆ వేళ్ళలోంచి విడిపించుకుంది.

పాపకూ సింధూజకూ రక్తం తీశారు. తండ్రి రక్తం కూడా పంపమంది డాక్టరు. పంపుతామని చెప్పి కౌసల్య పంపలేదు. రెండు నెలలకు ఫలితం వచ్చింది. పాప జన్యువులో తేడా ఉంది, తల్లిలో లేదు. “తండ్రి దగ్గర ఉండొచ్చు, లేదా పాపలోనే కొత్తగా వచ్చి ఉండొచ్చు, ఆయన రక్తం చూస్తే తెలుస్తుంది” అని డాక్టరు ఫోన్లో చెప్పింది. కౌసల్య ఫోన్ పెట్టేసి, తల్లిలో లేదన్న ముక్క ఒక్కటే చుట్టాలకు చెప్పింది.

తల్లిలో లేదు, తండ్రి ఇంట్లో ఏడు తరాల్లో లేదు. మరెక్కడిది? ఆ ప్రశ్న నోటికీ నోటికీ మారి ఊరంతా తిరిగింది. చివరికి ఎవరో నవ్వుతూ, ఆ పాప ప్రణయ్ బిడ్డేనా అన్నారు. కౌసల్య ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. సింధూజను గూడూరు పంపేశారు. ప్రణయ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పాపకు పేరు పెట్టే కార్యం వాయిదా పడుతూ వచ్చింది. నాలుగు నెలలైనా ఆ పిల్లకు దవాఖాన చీటీ మీది ‘బేబీ ఆఫ్ సింధూజ’ అన్నదే పేరు.

బుచ్చికి అన్నం సహించలేదు. నోరిప్పితే కొడుకు, ఇప్పకపోతే ఆ ఆడపిల్ల. ఎటు తిరిగినా ఎవరో ఒకరి ప్రాణం తన నాలుక మీదే ఉంది. ఒక మధ్యాహ్నం మిరపకాయల రాశి దగ్గర ఇక ఉండబట్టలేక, “దొరసాని, ఆ పిల్ల ఉసురు తగుల్తది” అంది.

కౌసల్య తొడిమ తుంచుతూ తల ఎత్తలేదు. “లచ్చిరాం మంచిగున్నడా?” అంది.

“మంచిగున్నడు.”

“మంచిగుండాలె.”

మిరప ఘాటుకు ఇద్దరి కళ్ళూ మండుతున్నాయి, ఇద్దరూ కొంగుతో తుడుచుకున్నారు.

ఆదివారం లచ్చిరాం తండాకు వచ్చాడు. బుచ్చి జొన్నరొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని, ముప్పై రెండేళ్ళది మొత్తం కక్కేసింది. తమ భాషలో, చిన్న గొంతుతో, ఆకాశం విరిగి పడుతుందేమోనని పైకి చూస్తూ చెప్పింది. లచ్చిరాం రొట్టె నమలడం ఆపి తల్లి వైపు తిరిగాడు.

“యాడీ, నా తల మీద ఒట్టు పెట్టేటప్పుడు నన్ను అడిగినవా?”

“మూడు నెలల పిలగానివి, ఏమడగాలె?”

“ఇప్పుడడుగు.”

బుచ్చి ఇంకో రొట్టె తీసి కొడుకు పళ్ళెంలో వేసింది.

“టిప్పర్ పడ్డది బ్రేకులు ఖరాబై. నేను మూడు దినాల ముందటనే చెప్పిన, బాగుచేయించలే. నువ్వేమో నీ నోటి మీద ఏసుకున్నవ్. నా మాటిను యాడీ. కొలువు పోతే ఇంకో టిప్పర్ ఉంటది. ఆ పిల్లకు ఇంకో బతుకుంటదా?”

బుచ్చి కొడుకు భుజం మీద అతుకుపడ్డ ఎముకను తడిమి చూసింది. బ్రేకుల సంగతి వింటే నమ్మాలనే ఉంది. కానీ ముప్పై రెండేళ్ళ భయం ఒక్క రొట్టె తినేలోపు పోయేది కాదు.

మాఘమాసంలో పెద్దమనుషుల పంచాయితీ పెట్టారు, మేడ వరండాలోనే, పొద్దున పదింటికి. గూడూరు నుంచి రాజేందర్, ఆయన తరఫున ఇద్దరు పెద్దమనుషులు, పాపతో సింధూజ వచ్చారు. ప్రణయ్ భూపాలపల్లి నుంచి కారులో వచ్చాడు. ఆ రోజు డ్రైవరుగా తెచ్చింది లచ్చిరాంనే. బుచ్చి అందరికీ నీళ్ళ గ్లాసులు అందిస్తోంది.

రాజేందర్ చేతులు జోడించాడు. “మా అల్లుని రక్తం ఒక్కసారి చూపిద్దాం. తేలకుంటే మా బిడ్డను మేమే తీస్కపోతం” అన్నాడు.

“మా పిలగాని రక్తం పంచాయితిల పెడ్తరా?” అంది కౌసల్య. “మా ఇంట్ల ఉంటే గద చూపెట్టుడు.”

“లేదని మీరన్నంత మాత్రాన ఎట్లనమ్మా?” అన్నాడు గూడూరు పెద్దమనిషి. “చూసినోళ్ళు ఎవలన్న చెప్పాలె.”

కౌసల్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముప్పై రెండేళ్ళు ఆగిన నోరు ఇంకో పూట ఆగదా అనుకుంది కాబోలు. “గిదో, బుచ్చిని అడుగుండ్రి. నా కొడుకు దీని చేతుల్నే పుట్టిండు. తండా మనిషి, అబద్ధమాడది. చెప్పవే బుచ్చీ, నా కొడుక్కు ఎన్ని వేళ్ళుండె?”

అందరూ బుచ్చి వైపు తిరిగారు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నాలుగు గ్లాసులు. సింధూజ తల ఎత్తి చూసింది. ఆ చూపులో ఆశ లేదు. ఈమె కూడా లేదనే అంటుందని ముందే నమ్మిన చూపు అది. బుచ్చికి అది కత్తిపోటయింది. మెట్ల కింద చెప్పుల దగ్గర నిలబడ్డ లచ్చిరాం, తమ భాషలో ఒక్క మాటన్నాడు. చెప్పు అని.

బుచ్చి పళ్ళెం కింద పెట్టింది. ప్రణయ్ దగ్గరికి నడిచి, అడగకుండానే ఆయన చేయి పట్టుకుని చిటికెన వేలి పక్కన బొటనవేలు ఆనించింది.

“గిది పులిపిరి గాదు చిన్నదొరా. గీడ నీకు ఆరో వేలుండె. ఆ చేతికి సుత ఉండె. నల్లదారంతోని నేనే కట్టిన, ఆరో దినానికి రాలింది. నీ బిడ్డకు నీ నుంచే వచ్చింది.”

ప్రణయ్ తన రెండు చేతులూ ముందు పెట్టుకుని, వాటిని ఎప్పుడూ చూడనివాడిలా చూసుకున్నాడు. లేచి సింధూజ దగ్గరికి పోయి, పాప పిడికిలి విప్పాడు. ఆ ఆరో వేలు ఆయన మచ్చ ఉన్న చోటే ఉంది. సింధూజ పాపను ఇవ్వలేదు. ఎత్తుకుంటానని అడిగే ధైర్యం ఆయనకూ లేదు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

కౌసల్య అరుస్తుందనుకున్నారు, బుచ్చిని గెంటేస్తుందనుకున్నారు. ఆమె స్తంభం పక్కన నేల మీద కూర్చుంది.

“నాదే తప్పు” అంది. “పిల్లదేం లేదు. నా కడుపుదే ఖరాబు. మా పుట్టింటి రక్తం ఖరాబు. గందుకే ఇంకో బిడ్డను కనలే. గందుకే అన్న బిడ్డను వద్దన్న, తోడబుట్టినోన్ని పోగొట్టుకున్న. అంత చేసినా రానే వచ్చింది నా పాపం.” కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు, ఒక్క బుచ్చి తప్ప.

ఒట్టు ఎలాగూ తప్పింది. బుచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ బాలింత తన కాళ్ళు పట్టుకున్న రోజు కళ్ళ ముందు కదిలింది.

“నీది గాదు దొరసాని” అంది. “దొరది.”

కౌసల్య కొంగు తీసి చూసింది.

“దొరకు సుత ఉండె, రెండు చేతులకు. మా అత్త కట్టింది. ఆమె చెయ్యి మంచిది, మచ్చ పైకి కనబడనియ్యలే. ఆముదం రాస్తుంటే నా వేలికి తగిలింది. నీ కడుపుల ఏం ఖరాబు లేదు, నీ పుట్టింటి రక్తంల ఏం లేదు.”

ముప్పై రెండేళ్ళు, కనని బిడ్డలు, మాట్లాడని అన్న, గూడూరుకు తోలేసిన కోడలు, అన్నీ కౌసల్య మొహంలో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయాయి.

“ఎన్నడు తగిలింది నీకు?”

“దొర పోయిన నెలల్నే.”

“తొమ్మిదేండ్లాయె.” కౌసల్య బుచ్చి జబ్బ పట్టుకుని ఊపింది. “తొమ్మిదేండ్ల సంది ఎర్కుండి, నాకొక్క మాట ఎందుకు చెప్పలేదే?”

బుచ్చి ఆ చేతిని విడిపించుకోలేదు.

“నీ ముందట సుత నోరిప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నది నువ్వే గద, దొరసాని.”